ఆయ్ అనని ఇల్లు

ముక్తేశ్వరం,
14 జులై 1974.

చి. కుమారికి అమ్మ దీవెనలు.

నిన్ను కాకినాడ నర్సుల హాస్టల్లో దింపి, నేనూ మీ నాన్నగారూ రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి ఇంటికి చేరేసరికి వీధిలో దీపాలు పెట్టేసేరు. బస్సులో మీ నాన్నగారు "కోటిపల్లి రేవు దాటి ఉంటే మధ్యాహ్నానికే ఇంట్లో ఉందుం కదే రత్నం" అని నసిగేరు. నేను కిటికీలోంచి అరటిగెలల లారీలు చూస్తూ కూర్చున్నాను. ఆయనే ఊరుకున్నారు.

నేను చదివింది మూడో క్లాసు. నాకొచ్చిన అక్షరాలతో రాస్తున్నాను, నవ్వకు. ఒత్తులు ఎక్కడైనా తప్పిపోతే నువ్వే పెట్టుకుని చదువుకో.

చెప్పవలసినవి చెప్పేస్తాను. తలకి నూనె రాసుకోవడం మానకు. కూర బాగోకపోతే నేనిచ్చిన మాగాయ ఉంది, గదిలో పిల్లలందరికీ పెట్టి నువ్వు తిను. రోగుల్ని ఎంత బీదవాళ్ళనైనా ఏమండీ అనే పిలు. బజారుకి ఒక్కదానివే పోకు. ఆదివారం ఆదివారం ఉత్తరం రాయి.

మన ఇంటి పద్ధతి అక్కడా వదలొద్దు. ఎవరేం చెప్పినా ఊళ్ళో అందరిలా ఆయ్ అనేసి పోకు. ఏం విన్నావో తిరిగి చెప్పు. అవునంటే అప్పుడు కదులు. నా ఉత్తరానికి జవాబూ అంతే. నేనేం చెప్పేనో ముందు రాసి, తరవాత నీ సంగతులు రాయి.

ఇల్లు బోసిగా ఉంది. మీ నాన్నగారు పొద్దుటినుంచీ అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళందరికీ కడుపారా ఆయ్ అంటున్నారు. లోపలికొచ్చి నాకు చాడీలు చెప్పేదానివి నువ్వు లేవని ధైర్యం.

అమ్మ,
కనకరత్నం.


కాకినాడ,
28 జులై 1974.

అమ్మకి, కుమారి నమస్కారాలు.

నీ ఆజ్ఞ ప్రకారం తిరిగి చెబుతున్నాను, చిత్తగించు. తలకి నూనె రాసుకోవడం మానను. మాగాయ గదిలో పిల్లలందరికీ పెట్టి నేను తింటాను. పెట్టేసేను, తినేసేరు, జాడీ కడిగి బోర్లించేను. రోగుల్ని ఏమండీ అంటాను. బజారుకి ఒక్కదాన్నే పోను. ఒత్తులు నేనే పెట్టుకుంటాను. నాన్నగారు బస్సులో నసగడం, నువ్వు అరటిగెలల లారీలు చూడటం కూడా తిరిగి చెప్పాలా? అవీ చెప్పేసేను. అన్నీ సరిపోయేయా? ఇప్పుడు కదలొచ్చా?

ఇక్కడ నా పేరేమిటో తెలుసా? చిలక. మొదటిరోజు మేట్రన్‌గారు మా అందర్నీ నిలబెట్టి, "దుప్పట్లు రెండేసి తీసుకుని స్టోరు గదిలో సంతకాలు పెట్టండి" అన్నారు. అందరూ ఆయ్ అండి, ఆయ్ అండి అంటూ బయల్దేరేరు. నేనొక్కదాన్నీ కదలకుండా నిలబడి, "దుప్పట్లు రెండేసి తీసుకుని స్టోరు గదిలో సంతకాలు పెడతామండి" అన్నాను. నేననలేదమ్మా, నోరే అనేసింది. హాలు హాలంతా ఒకటే నవ్వు. నా పక్కమంచం పిల్ల కామాక్షి, ద్రాక్షారామం అమ్మాయి, రాత్రి నా పళ్ళెంలో జామకాయ ముక్క పెట్టి "తినవే చిలకా" అంది.

చిన్నప్పుడు వీధి పిల్లలు మన ఇంటిని ఆయ్ అనని ఇల్లు అని వెక్కిరించేవారు, నీకు తెలుసో తెలీదో. చింతపండు తెమ్మంటే, "చింతపండు, పావు కేజీ, గింజ తీసింది, మూలకొట్లో" అని అప్పజెప్పేదాకా గుమ్మం దిగనిచ్చేదానివి కాదు. ఒకసారి జోరున వానలో నిలబెట్టి రెండోసారి కూడా చెప్పించేవు. తడిసి ముద్దయ్యేను. ఈ ఊళ్ళో నన్ను నిలబెట్టేవాళ్ళెవరూ లేరు. నిన్నటినుంచి నేనూ ఆయ్ అంటున్నాను. ఎంత హాయిగా ఉందో!

కుమారి.


ముక్తేశ్వరం,
11 ఆగస్టు 1974.

చి. కుమారికి, మనసారా దీవిస్తూ అమ్మ రాస్తున్నది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివేను. ఎంత శ్రద్ధగా తిరిగి చెప్పేవే తల్లీ! బస్సూ, అరటిగెలలూ కూడా వదల్లేదు. నా మనసు పొంగిపోయింది. మీ నాన్నగారికి చదివి వినిపిస్తే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఒకటే దగ్గు. కళ్ళంట నీళ్ళు కూడా వచ్చేయి. మిరియాల కషాయం కాచిచ్చేను.

చిలక అన్నారని చిన్నబుచ్చుకోకు. కాకి ఎంత అరిచినా ఎవరూ ఆగరు, చిలక ఒక్క మాటంటే ఆగి వింటారు.

ఆయ్ అంటున్నానని రాసేవు. అది నువ్వు రాసింది కాదు. పక్కన కూర్చుని ఆ కామాక్షి రాయించి ఉంటుంది. ఆ పిల్లకి కూడా వేరే సీసాలో మాగాయ కట్టేను, తగువు లేకుండా ఇవ్వు.

మొన్న మీ అన్న పుట్టినరోజు. ఉంటే సోముకి ఇరవై రెండు నిండేవి. గోదావరి వాణ్ణి పొట్టన పెట్టుకుని పన్నెండేళ్ళయినా, ఆ రోజు పొద్దున్న లేవగానే వాడికి తలంటు పోయాలన్నట్టే ఉంటుంది నాకు. పరమాన్నం వండి పక్కింటి పిల్లలకి పెట్టేను. మీ నాన్నగారు సగంలోనే చెయ్యి కడిగేసుకున్నారు.

పాలు తాగుతున్నావా? తిరిగి రాయి.

అమ్మ.


కాకినాడ,
9 ఫిబ్రవరి 1975.

అమ్మకి,

ఈసారి తిరిగి చెప్పడాలేం లేవు. నేనడిగేవి ఉన్నాయి.

నిన్న మన పెద్దిరాజు బావ కొబ్బరి పనిమీద కాకినాడ వచ్చి నన్ను చూడ్డానికొచ్చేడు. వస్తూనే "ఏం మరదలా, పెళ్ళికూతురివైపోతున్నావంట!" అన్నాడు. కొత్తపేట సంబంధమట. నాన్నగారు ఒప్పుకున్నారట. వాళ్ళు అరటిపళ్ళూ తాంబూలమూ పట్టుకుని మనింటికి వచ్చేరట. నర్సు చదువు మానిపించేస్తారని కూడా వాళ్ళు చెప్పుకుంటున్నారట. నాతో ఒక్క మాట చెప్పాలని మీ ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదా?

రెండోది. నన్ను వార్డులోంచి తీసేసి గుడ్డల గదిలో వేసేరు. మా పెద్ద డాక్టరుగారు సూర్యప్రకాశరావుగారు రోగి దగ్గర నిలబడి ఏదో చెయ్యమన్నారు. ఆయనంటే అందరికీ హడలు. ఆయ్ అందామనుకున్నాను. భయం వేసేసరికి నీ పెంపకమే బయటికొచ్చింది. ఆయన చెప్పిందంతా తిరిగి చెప్పేను. "నేను చెప్పింది నాకే చెబుతావేమ్మా? నేను పొరపాటు చెప్పేననా, నీకు మతి లేదనా?" అన్నారు. వార్డంతా విన్నారు. సాయంత్రానికి నన్ను గుడ్డల గదికి మార్చేసేరు. మళ్ళీ ఇలాంటిది జరిగితే ఇంటికి పంపేస్తామన్నారు. ఇంటికొస్తే కొత్తపేట పెళ్ళి సిద్ధంగా ఉంది. బాగానే ఏర్పాటు చేసేరు.

మూడోది కూడా అడిగేస్తాను. అన్నని ఇలాగే పెంచేవా? అన్న ఊరంతా ఆయ్ ఆయ్ అంటూ తిరిగేవాడట, నువ్వు విని మురిసిపోయేదానివట. అత్తయ్య చెప్పింది. అన్న తెలివైనవాడు, చెప్పక్కర్లేదు. నేను మట్టిబుర్రని, అప్పజెప్పించుకుంటే గాని నమ్మకం లేదు. అంతేగా?

కుమారి.


ముక్తేశ్వరం,
16 ఫిబ్రవరి 1975.

చి. కుమారికి అమ్మ దీవెనలు. నీ కోపానికి కూడా దీవెనలే.

నువ్వడిగినవి మూడు. కొత్తపేట సంబంధం ఏమిటని. గుడ్డల గది సంగతి. అన్నని ఇలాగే పెంచేనా అని. నువ్వు తిరిగి చెప్పకపోయినా నేను చెబుతున్నాను చూడు. వరసగా రాస్తాను.

కొత్తపేట నుంచి బాలగంగాధరంగారని ఒకాయన సంతలో మీ నాన్నగారికి తగిలేడు. "మా అబ్బాయికి మీ అమ్మాయిని అనుకుంటున్నామండి" అన్నాట్ట. మీ నాన్నగారు "ఆయ్" అన్నారు. "చదువెందుకండి, ఇంటిపట్టున ఉంటుంది" అన్నాట్ట. మళ్ళీ "ఆయ్." "శుక్రవారం వస్తామండి." "ఆయ్." అంతే, శుక్రవారం గుమ్మంలో నలుగురు మనుషులూ, ఒక గెలా.

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, "మావారు మీతో ఏమన్నారో ఓసారి తిరిగి చెప్పండి" అన్నాను.

"ఆయ్ అన్నారండి."

"ఇంకేమన్నారు?"

"మళ్ళీ ఆయ్ అన్నారండి."

"మొదటిది మీ మాట వినబడిందని. రెండోది మర్యాదకి. మూడోది మీరు తొందరగా వదుల్తారని. సరేనన్నది ఇందులో ఎక్కడుందండి? మా అమ్మాయి కాకినాడలో చదువుకుంటోంది. చదువయ్యాక దాన్నడగండి" అన్నాను. వాళ్ళు మంచివాళ్ళే, మజ్జిగ తాగి వెళ్ళేరు. గెల వెనక్కి పంపేను. మీ నాన్నగారు దొడ్లో కొబ్బరిచెట్టు వెనకాల నిలబడి ఉన్నారు. "ఇంకెప్పుడూ అననే రత్నం" అన్నారు. "ఆ మాట తిరిగి చెప్పండి" అన్నాను. చెప్పేరు. నీకు ముందే రాద్దును. లేని పెళ్ళి గురించి రాయడమేమిటని ఊరుకున్నాను.

గుడ్డల గది గురించి నువ్వు బెంగపడకు. బట్టలుతకడం నీకు నేర్పేను కదా. గంజి పలచగా కాచి వడకట్టు, చిక్కగా ఉంటే దుప్పట్లు అట్టలు కడతాయి. రోగులకి గుచ్చుకుంటాయి. ఏ పని ఇచ్చినా మన చెయ్యి పడిందని తెలియాలి.

ఇంక అన్న సంగతి. ఇది రాయబోయి కాయితాలు పాడుచేసేను.

వాడు ఆయ్ అంటుంటే మురిసిపోయిన మాట నిజం. పదేళ్ళవాడు పెద్దమనిషిలా చేతులు కట్టుకుని అనేవాడు. ఆ వేసవి సెలవలకి ద్రాక్షారామంలో మీ అమ్మమ్మగారింటికి బయల్దేరేడు. నువ్వు చిన్నపిల్లవి, పక్కింట్లో పెట్టి నేను రేవుకెళ్ళేను. రేవులో పడవ నడిపే దానం ఉన్నాడే, అతని పడవ ఎక్కించి, భద్రం అని చెప్పి గట్టెక్కేను. ఎక్కి చూద్దును కదా, ఆకాశం ఒక పక్క నల్లగా కమ్మేసింది. గాలి లేచింది. దానం ఇంకా తాడు విప్పుతున్నాడు. నేను గట్టుమీంచి అరిచేను. "దానం, గాలొస్తోంది, దాటించొద్దు!" దానం నా వైపు తిరిగి చెయ్యెత్తి "ఆయ్!" అన్నాడు.

నా గుండె నిమ్మళించింది. విన్నాడు కదా, పిల్లాణ్ణి దింపేస్తాడు అనుకున్నాను. నువ్వు ఏడుస్తుంటావని వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసేను. మళ్ళీ చూసేసరికి పడవ నీళ్ళలో ఉంది.

దానం విన్నది, గాలొస్తోంది, దాటించెయ్ అని. గాలి ముదరకముందే అవతలికి చేర్చమంటున్నాననుకున్నాడు. నడి ఏట్లో తిరగబడింది. దానం ఈదుకుంటూ ఒక్కొక్కళ్ళనే లాగేడు. అందరూ దక్కేరు. మన సోము ఒక్కడూ మర్నాడు దొరికేడు.

దానం అబద్ధమాడలేదు. నేను చెప్పడమూ తప్పు చెప్పలేదు. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఆ ఒక్క మాట. ఆ మాట ఊళ్ళో అందరికీ మర్యాద. నాకు మాత్రం దాన్ని గుమ్మం దాటి లోపలికి రానిస్తే నా రెండో బిడ్డని కూడా పట్టుకుపోతుందని భయం. ఆ తరవాత నేను రేవు మొహం చూడలేదు. దానం మొహమూ చూడలేదు.

నువ్వు మట్టిబుర్రవని కాదే కుమారీ. నువ్వొక్కదానివే మిగిలేవని.

అమ్మ.


కాకినాడ,
23 ఫిబ్రవరి 1975.

అమ్మా,

గాలొస్తోంది, దాటించొద్దు.

విన్నానమ్మా.

కుమారి.


కాకినాడ,
6 జూన్ 1976.

అమ్మకి, నీ చిలక అనేక నమస్కారాలు.

ముందు నీ కిందటి ఉత్తరానికి తిరిగి చెబుతున్నాను. ఆవు ఈనింది, పెయ్యదూడ, నుదుట తెల్ల మచ్చ, పేరు నన్ను పెట్టమన్నావు. గౌరి అని పెట్టు. నేను పాలు తాగుతున్నాను. గుడ్డల గదిలో గంజి పనే లేదని ఏడాదినుంచి చెబుతున్నాను, అక్కడ దుప్పట్లు మడతపెట్టి పంపడమే. అయినా ఇప్పుడు నేనక్కడ లేను, వార్డులోకి వచ్చి చాలా కాలమైంది. ప్రతి ఉత్తరంలోనూ గంజి రాయకు, కామాక్షి నవ్వుతోంది.

ఇప్పుడు నా సంగతి. కాస్త కుదురుగా కూర్చుని చదువు.

సోమవారం పొద్దున్న సూర్యప్రకాశరావుగారు వార్డుకొచ్చేరు. కిటికీ పక్క మంచంలో అచ్చయమ్మగారని అంతర్వేది నుంచి వచ్చిన ముసలావిడ ఉంది. చేపలమ్ముకునే మనిషి. కాలు పుండు పడింది. డాక్టరుగారు చూసి, ఇంగ్లీషులో గబగబా ఏం మందివ్వాలో నాకు చెప్పి పక్క మంచం వైపు తిరిగేరు. మిగతా పిల్లలందరూ తల ఊపేరు. నాకు గుడ్డల గది గుర్తొచ్చింది. ఇంటికి పంపేస్తామన్నదీ గుర్తొచ్చింది. రేవూ గుర్తొచ్చింది. ఏదైతే అదే అవుతుందని, గట్టిగా, తెలుగులో, "కిటికీ పక్క అచ్చయమ్మగారికి పెన్సిలిన్ ఇంజక్షన్ చేస్తానండి" అన్నాను.

డాక్టరుగారి మొహం ఎర్రబడింది. ఏదో అనబోయేరు. ఈలోపు ముసలావిడ మంచంమీద లేచి కూచుంది.

"ఏటీ, పెన్సిలినా? వద్దు తల్లో! కిందటేడు అదే పొడిస్తే ఒళ్ళంతా దద్దుర్లెక్కి, ఊపిరాడక సచ్చి బతికేను!"

డాక్టరుగారు వెనక్కొచ్చి, ఆవిడ మంచంమీదకి వంగి, "ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు.

"మీరూ మీరూ ఇంగిలీసులో అనుకుంటారు బాబూ. నాకేం తెలుస్తాది? ఈ పిల్ల తెలుగులో అంది కాబట్టి తెలిసింది."

ఆయన మంచానికున్న చీటీ అందుకున్నారు. మందు మార్చి రాసేరు. ఆ ఇంజక్షన్ పడి ఉంటే ఆవిడ ఈపాటికి లేదమ్మా. మేం చదువుకున్న పుస్తకంలోనే ఉంది. నేను స్టోరుగదిలోకెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చేను. భయం వేసి కాదు.

అసలు సంగతి మర్నాడు. డాక్టరుగారు నాకు పని చెప్పి వెళ్ళిపోలేదు. అలాగే నిలబడ్డారు. నాకర్థం కాలేదు. "ఊఁ, చెప్పు చిలకా. నేనేం చెప్పేను?" అన్నారు. చెప్పేను. "ఆఁ, అదీ" అని అప్పుడు కదిలేరు. ఇప్పుడు మా వార్డులో అందరిచేతా చెప్పించుకుంటున్నారు. కామాక్షి కూడా చిలకే.

అచ్చయమ్మగారు నిన్న ఊరెళ్ళింది. వెళ్తూ నా గడ్డం పట్టుకుని "నిన్ను కన్నతల్లి ఎవరే అమ్మా?" అంది. "కనకరత్నంగారు, ముక్తేశ్వరం" అన్నాను. "కనకరత్నంగారు, ముక్తేశ్వరం" అని తిరిగి చెప్పింది. నేను చెప్పమనలేదు.

నీ కూతురు,
సూర్యకుమారి.


ముక్తేశ్వరం,
13 జూన్ 1976.

మా ఇంటి బంగారానికి అమ్మ దీవెనలు.

కిటికీ పక్క అచ్చయమ్మగారు. పెన్సలీను వద్దు. డాక్టరుగారు ఆగేరు. నువ్వు చెప్పేవు. ఆవిడ బతికింది. నా పేరు చెప్పేవు. అన్నీ విన్నాను తల్లీ.

ఆ ఉత్తరం ముందు సోము పటం దగ్గర నిలబడి చదివేను. పైకే చదివేను. తరవాత మీ నాన్నగారు నా చేతిలోంచి లాక్కుని కాఫీ హోటలుకి పట్టుకుపోయేరు. అక్కడ మూడు విడతలు చదివేరట. విన్నవాళ్ళందరూ ఆయ్ ఆయ్ అన్నారట. "ఉత్తినే ఆయ్ అంటే కాదండి, మా అమ్మాయి ఏం చేసిందో తిరిగి చెప్పండి" అని ఒక్కొక్కర్నీ నిలబెట్టి అడిగేరట! కాఫీలు చల్లారిపోయేయని హోటలాయన నాతో మొరపెట్టుకున్నాడు.

ఒక్కటే కొరవ. డాక్టరుగారు నిన్ను చిలకా అన్నారని మీ నాన్నగారికి కోపం వచ్చింది. పెద్దమనిషి ఆడపిల్లని అలా అనొచ్చా అని కార్డు రాయబోయేరు. ఆపేను. ఆ పేరు మనకి బిరుదు అని చెప్పేను. ఒప్పుకున్నారు.

దూడకి గౌరి అని పెట్టేను. పిలిస్తే చూస్తోంది.

నా కడుపున పుట్టినందుకు నీకు నేనేమిచ్చేనో అని బాధపడేదాన్ని. ఇప్పుడు పడను. ఊళ్ళో తలెత్తుకుని నడుస్తున్నాను.

అమ్మ.


కాకినాడ,
30 జనవరి 1983.

అమ్మకి, కుమారి నమస్కారాలు.

తిరిగి చెబుతున్నాను. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గింది, నేను పంపిన మందు సగమే వాడేరు, మిగతా సగం చేదుగా ఉందని గౌరి కుడితిలో కలిపేసేరు. ఆయనకి నేను వచ్చి చెబుతాను.

నేనిప్పుడు నర్సు పిల్లలకి పాఠాలు చెబుతున్నానని తెలుసు కదా. నా మొదటి బ్యాచి పిల్లలకి వచ్చే ఆదివారం నర్సు టోపీలు పెడతారు. దీపాలు వెలిగించి ప్రమాణం చేస్తారు. సాయంత్రం నాలుగు గంటలకి. వీళ్ళు నన్ను వెనకాల ఏమంటారో ఊహించు. చిలకమ్మ! ఏ మాట చెప్పినా తిరిగి చెప్పిస్తానని వాళ్ళకి మంట. మొన్న ఒక పిల్ల వాళ్ళమ్మకి ఉత్తరం రాస్తూ బల్లమీద వదిలేసింది. "మాకొక రాక్షసి దొరికింది" అన్న మొదటి ముక్క కంటపడింది. మిగతాది చదవకుండా మడిచి దానికిచ్చేసేను. చదవక్కర్లేదు, అందులో ఏముంటుందో నాకు తెలుసు. నేనూ రాసేను అలాంటివి.

ఆ రాత్రి చింతపండు తెమ్మన్న వాన గుర్తొచ్చింది. నేను గుమ్మం కింద నిలబడి అప్పజెబుతున్నాను. నువ్వు లోపల లేవమ్మా. నువ్వూ మెట్టు దిగి నాతోనే నిలబడ్డావు. నీ జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. చీర ఒంటికి అంటుకుపోయింది. నేను రెండోసారి సరిగ్గా చెప్పేదాకా నువ్వూ తడుస్తూనే ఉన్నావు. ఇన్నేళ్ళూ నాకు నేను తడిసిందే గుర్తుంది.

నువ్వు ఆ సభకి రావాలి. నా పిల్లలు నిన్ను చూడాలి. రావులపాలెం చుట్టు తిరిగి వస్తే నువ్వొచ్చేసరికి దీపాలు ఆరిపోతాయి. రేవు మీదుగా వస్తావా? నేనూ ఎప్పుడూ దాటలేదు. రమ్మనడానికి నాకు నోరు రావడం లేదు, అందుకే రాస్తున్నాను. పొద్దుటినుంచీ కోటిపల్లి గట్టున నిలబడి ఉంటాను. రాలేకపోతే రాలేనని రాయి, నేనేం అనుకోను.

కుమారి.


ముక్తేశ్వరం,
2 ఫిబ్రవరి 1983.

చి. కుమారికి అమ్మ దీవెనలు.

ఆదివారం. సాయంత్రం నాలుగు గంటలకి సభ. నువ్వు పొద్దుటినుంచీ కోటిపల్లి గట్టున ఉంటావు. విన్నాను. ఆ వాన సంగతి కూడా విన్నాను. నేను తడిసేనా? నాకు గుర్తులేదే. నీకు జలుబు చేస్తే సొంఠి పెట్టింది గుర్తుంది.

నీ ఉత్తరం రైకలో పెట్టుకుని నిన్నంతా తిరిగేను. ఇవాళ పొద్దున్న మీ నాన్నగారితో కూడా చెప్పకుండా రేవుకెళ్ళేను. ఇరవై ఏళ్ళ తరవాత. రేవు మారిపోయింది. పంటు అని ఇంజనుతో నడిచే పెద్ద పడవ వచ్చింది, కాఫీ పాక వచ్చింది. దానం మారలేదు. జుట్టు పండింది, అంతే. తాడు చుడుతున్నాడు. నన్ను చూసి తాడు వదిలేసి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నా వైపు చూడలేదు.

నేనేం మాట్లాడాలో ఇంట్లోనే కూడబలుక్కుని వెళ్ళేను. "దానం, ఆదివారం పొద్దున్న నేను దాటాలి. కోటిపల్లిలో అమ్మాయి ఉంటుంది. గాలుంటే మాత్రం దాటించొద్దు" అన్నాను.

దానం ఆయ్ అనలేదే కుమారీ.

తల వంచుకుని, నెమ్మదిగా, "ఆదివారం పొద్దున్నండి. రత్నమ్మగారు దాటాలండి. కోటిపల్లి గట్టున అమ్మాయిగారుంటారండి. గాలుంటే దాటించొద్దండి" అన్నాడు.

పాకలో కూచున్న కొబ్బరికాయల వ్యాపారి సుబ్బరాజుగారు నవ్వేరు. "వీడింతేనండి. కొబ్బరికాయలు ఎక్కించరా అంటే అదీ అప్పజెబుతాడు. రేవులో అందరం విసిగిపోయేం. వీడి నోట ఆయ్ అన్న మాట విని ఇరవై ఏళ్ళయిందండి."

నేను ఒక్కదాన్నే అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఆయ్ అనని ఇల్లు ఊళ్ళో మనదొక్కటే అనుకున్నాను. ఇంటికొచ్చి మీ నాన్నగార్ని నిలదీసేను, మీకు తెలుసా అని. తెలుసట. "రేవు మాటెత్తితే నువ్వు లోపలికి వెళ్ళిపోయేదానివి కదే రత్నం, ఎలా చెప్పను" అన్నారు.

నా పట్టు మంచిదేనా, పిల్లని వేపుకు తిన్నానా అని లోపల ఎక్కడో ఉండేది. నువ్వు ఆ ముసలావిణ్ణి బతికించిననాడు సగం పోయింది. ఇవాళ దానం మాట విన్నాక మిగతా సగం పోయింది. సోము పోతూ పోతూ నీకూ నాకూ దానానికీ వినడం నేర్పి వెళ్ళేడనుకుంటాను. వాడి చెల్లెలు దాన్ని ఇంకెంతమంది పిల్లలకో నేర్పుతోంది. వాళ్ళు నిన్ను రాక్షసి అననీ. నేనొచ్చి వాళ్ళకి మాగాయ పెడతాను.

రేవులో ఏం జరిగిందో పూర్తిగా చెప్పలేదు కదూ. దానం అప్పజెప్పేసి ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు. అప్పుడు తలెత్తి నా మొహం చూసేడు.

"అంతేనాండి అమ్మగారూ? ఈసారి సరిగ్గా విన్నానాండి?" అన్నాడు.

నేను, "ఆయ్" అన్నాను.

అమ్మ,
కనకరత్నం.